బిరడా జారిన షడ్జం

కచేరీ అయిపోయి ఇరవై నిమిషాలైంది. వేదిక పక్కగదిలో ఆవిడ వయొలిన్ పెట్టె ముందు కూర్చుని, కమాను మర తిప్పి వెంట్రుకలు వదులు చేసుకుంటున్నారు. వరసలో నా వంతు వచ్చింది. ఆవిడ వాద్యం ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. చెప్పాలనుకున్నవి ఓ పుస్తకానికి సరిపడా ఉన్నాయి. అవన్నీ మింగేసి ఒక్కటే చెప్పాను.

"కల్యాణి స్వరకల్పనలో ఆఖరి విడత పైషడ్జం మీదికి వెళ్ళారు చూడండి. సూటిగా వాలకుండా, వెంట్రుకవాసి కిందనుంచి జారుతూ అందుకున్నారు. అక్కడ నాకు కళ్ళు చెమర్చాయండీ."

ఆవిడ చెయ్యి ఆగింది. నా వంక చూసి నవ్వేశారు.

"అదాండీ! బిరడా జారింది. తీగ దిగిపోయింది. రోజూ వేలు పెట్టే చోటే పెట్టాను, తీరా చూస్తే షడ్జం అక్కడ లేదు. వెతుక్కున్నాను."

తెలియనివాళ్ళ కోసం: కల్యాణి ఒక రాగం, స్వరకల్పన అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లడం, షడ్జం అంటే సరిగమల్లో 'స', బిరడా అంటే తీగని బిగించే చీల. వెనకాల ఇంకా పదిమంది ఉన్నారు కాబట్టి నేను మరో రెండు ముక్కలు మాట్లాడి బయటికొచ్చేశాను. ఆ రెండు ముక్కల సంగతి చివర్లో చెబుతాను. ఆవిడ పేరు రాయను. ఈ గోలంతా నాది, ఆవిడకి సంబంధం లేదు.

మర్నాడు ఒక స్నేహితుడు ఫోన్ చేసి "ఫోటో ఏదీ?" అన్నాడు. తీసుకోలేదన్నాను. "మరి అంతసేపు నిలబడి ఏం చేశావురా?" అన్నాడు. "ఆవిడ చేసిన తప్పుని ఆవిడ మొహం మీదే మెచ్చుకుని వచ్చాను" అన్నాను. వాడు పడీపడీ నవ్వి, ఆనక పెద్దమనిషి తరహాలో గొంతు సవరించుకుని, "అందుకే అన్నారు, దూరపు కొండలు నునుపని. నచ్చినవాళ్ళ దగ్గరికి వెళ్ళకూడదు" అని తేల్చేశాడు.

నెల రోజులుగా ఆ మాట నన్ను గిల్లుతూనే ఉంది. వాడి సామెత ఇక్కడ అతకదని నా నమ్మకం. కొండ గరుకని ఎక్కేవాడికి ముందే తెలియాలి. కచేరీ అయ్యాక కలవబోయేది మూడు గంటలు తనలో ఉన్నదంతా ధారపోసి, ఒళ్ళు హూనమై, ఇంటికెలా వెళ్ళాలా అని ఆలోచిస్తున్న మనిషిని. ఇవ్వాల్సిందంతా వేదిక మీదే ఇచ్చేశారు. గదిలో ఇంకేదో దొరుకుతుందని వెళితే ఖాళీ చేతులతో తిరిగి రావాల్సిందే. ఏమీ అడగకుండా, మనకి వినపడిన ఒక్క సంగతి వాళ్ళకి అప్పజెప్పడానికే వెళ్ళేవాడు నిరాశ పడడు. నా వాదన ఇంతే. అయితే రాయడం మొదలుపెట్టాక ఇది నేననుకున్నంత గట్టిది కాదని తెలిసొచ్చింది.

పాత పగ ఒకటి

ఈ తెలివి నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఇరవై రెండేళ్ళప్పుడు ఒక గాయకుడంటే పిచ్చి. ఆయనవి నాలుగు క్యాసెట్లు ఉండేవి నా దగ్గర. వాటిలో ఒకదాని టేపు ఎంత అరిగిందంటే, ఒక చోట అవతలి వైపు పాట వెనక్కి నడుస్తూ లీలగా వినపడేది. ఆయన్ని ఒక కచేరీ తర్వాత కలిశాను. కండువాతో మెడ తుడుచుకుంటున్నారు, గొంతు బొంగురుపోయి ఉంది. నేను ఎత్తుకున్నాను: మీ పాట వింటూ డిగ్రీ ఎలా గట్టెక్కానో, మా ఇంట్లో ఎలా తిట్టేవాళ్ళో, పరీక్ష ముందురోజు రాత్రి ఏం విన్నానో. ఆయన నా భుజం మీదుగా, తలుపు దగ్గర కారు తాళాలు పట్టుకుని నిలబడ్డ మనిషి వైపు చూస్తున్నారు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు "మంచిది బాబూ" అన్నారు. లేచారు. అయిపోయింది.

ఆ నాలుగు క్యాసెట్లూ అటకెక్కాయి. ఆరేళ్ళు దించలేదు. అహంకారి అని ఊరంతా చాటాను కూడా. ఇప్పుడు ఆ మూడు నిమిషాలూ గుర్తు చేసుకుంటే, అందులో ఆయన పాట గురించి ఒక్క వాక్యం లేదు. ఫలానా రాగం, ఫలానా చరణం అని ఒక్క మాట లేదు. అంతా నేనే. మూడు గంటలు పాడినాయనకి నా ఆత్మకథ వినిపించి, పైగా శ్రద్ధగా వినలేదని అలిగాను. "మంచిది బాబూ" అనడమే ఆయన మంచితనం.

మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ 2010లో ఒక ప్రసంగంలో చెప్పిన ముచ్చట ఒకటుంది. ఒకాయన అద్భుతమైన సింఫనీ వింటున్నాట్ట. చిట్టచివర రికార్డులో కర్ణకఠోరంగా ఒక కీచుమోత. అంతా పాడైపోయిందని ఆయన వాపోయాడు. కానెమన్ అన్నదేమిటంటే, పాడైంది జ్ఞాపకం మాత్రమే, ఇరవై నిమిషాల సంగీతం విన్న అనుభవం విన్నట్టే ఉంది, కాకపోతే ఆయనకి మిగిలింది జ్ఞాపకమొక్కటే. దీనికి 1993లో కానెమన్, ఆయన సహచరులు అచ్చువేసిన ప్రయోగమొకటి వెన్నుదన్ను. పద్నాలుగు డిగ్రీల చన్నీళ్ళలో అరవై సెకన్లు చెయ్యి పెట్టించారు. ఇంకోసారి అదే అరవై సెకన్లు పెట్టించి, ఆపైన మరో ముప్పై సెకన్లు నీళ్ళని ఒక్క డిగ్రీ వేడెక్కిస్తూ ఉంచారు. మళ్ళీ చెయ్యాల్సొస్తే ఏది చేస్తారంటే ఎక్కువమంది రెండోదే కోరుకున్నారు. అది ఎక్కువసేపు బాధ, అయినా ముగింపు నయం.

ఇది మా స్నేహితుడి పక్షాన ఉన్న అసలైన బలం. వాడికి తెలియదు కాబట్టి నేనే వాడి తరఫున చెబుతున్నాను. గదిలోకి వెళ్ళామా, ఆ గదిలో రెండు నిమిషాలే మన కచేరీకి ముగింపు అయిపోతాయి. మంగళంతో ముగిసిన సాయంత్రాన్ని "మంచిది బాబూ"తో ముగించుకున్నది నేనే. మెదడు ఇలా లెక్క కడుతుందని తెలిసిన మనిషి నేరుగా ఇంటికి పోవడమే మేలేమో. నిజాయితీగా చెప్పాలంటే దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం ఉంది. ఆ ఆరేళ్ళూ ఆయన పాట ఆయనకి ఉండనే ఉంది, లేనిది నాకే.

వరసలో నిలబడి చూస్తే

మొన్నటి వరస మాత్రం పెద్ద బడి. ముందు ఇద్దరూ వెనక ఒకరూ ఏం మాట్లాడారో చెవులు రిక్కించి విన్నాను (తప్పే, అయినా గది చిన్నది).

నాకన్నా నలుగురు ముందున్నాయన "నన్ను గుర్తుపట్టారా?" అని అడిగాడు. ఇంతకన్నా క్రూరమైన ప్రశ్న ఇంకోటి ఉంటుందా? పన్నెండేళ్ళ కిందట ఏదో కచేరీకి కుర్చీలు సర్దించాట్ట. ఆవిడ "మొహం తెలిసినట్టే ఉందండీ" అన్నారు. ఆ అబద్ధం ఎంత మెత్తగా వచ్చిందంటే, రోజుకెన్నిసార్లు చెబుతారో అనిపించింది.

డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు 1956లో ఒక వ్యాసం రాశారు. రేడియో, టెలివిజన్లలో కనపడేవాళ్ళతో మనం పెంచుకునే ఒంటిచేతి చుట్టరికం గురించి. వాళ్ళు మనకి తెలుసు, మనం వాళ్ళకి తెలియదు. అందులో పిచ్చితనం లేదు, అది మామూలు మనుషుల సంగతే. సంగీతంలో ఈ చిక్కు మరీ ఎక్కువనిపిస్తుంది నాకు. నటుడు వేరొకరి వేషం కడతాడు. వయొలిన్ మాత్రం చెవి పక్కన కూర్చుని మనతోనే మాట్లాడుతున్నట్టుంటుంది. మన ఏడుపులకీ నిద్రలేని రాత్రులకీ అది సాక్షి. అంత దగ్గరగా ఉన్నది మనల్ని గుర్తుపట్టకపోవడమేమిటి అని లోపలెక్కడో ఉక్రోషం. "నన్ను గుర్తుపట్టారా" అన్నాయనా, డిగ్రీ కథ చెప్పిన నేనూ ఒకే తానులో ముక్కలం.

ఆ తర్వాతి అబ్బాయి ఫోన్ చాచి పక్కన నిలబడ్డాడు. నాలుగు ఫోటోలు తీశాడు. తీసినంతసేపూ ఆవిడ వంక ఒక్కసారీ చూడలేదు, తెరలో ఆవిడ బొమ్మనే చూశాడు. వెక్కిరించడం తేలిక కాబట్టి ఆగుతున్నాను. జర్మన్ కవి హైనే 1844లో పియానో విద్వాంసుడు ఫ్రాన్జ్ లిస్ట్ కచేరీల వెర్రికి ఒక పేరే పెట్టాడు. లిస్ట్ చేతితొడుగులకీ రుమాళ్ళకీ జనం కొట్టుకున్న రోజులవి. వాటి ముందు ఈ అబ్బాయి ఫోటో సాత్వికమే. ఏదో ఒకటి చేత్తో పట్టుకుని ఇంటికెళ్ళాలి. నాదం చేతికి చిక్కదు కదా.

నా వెనక ఒక తల్లి, పదేళ్ళ పిల్ల. నేను పక్కకి జరిగాక తల్లి "చెప్పమ్మా, నువ్వూ నేర్చుకుంటున్నావని చెప్పు" అని ముందుకి తోసింది. పిల్ల ఆ మాట చెప్పలేదు. ఆవిడ ఎడమచేతి వైపు చూసి, "మీ వేళ్ళకి ఆ నల్ల గీతలేంటండీ?" అంది. ఆవిడ చెయ్యి చాచి, నాలుగు వేళ్ళ కొసలూ పిల్ల చేత తడిమించారు. తీగ ఒరుసుకుని ఒరుసుకుని పడ్డ గాట్లు. "నొప్పి పుట్టదా?" "మొదట్లో పుట్టేది. ఇప్పుడు ఇక్కడ చలీ వేడీ కూడా సరిగ్గా తెలియదు." ఆ సాయంత్రం మొత్తానికి ఆ గదిలో జరిగిన మాటల్లో మాటలంటే అవే. అడగాల్సింది అలా అడగాలి. నలభై దాటినవాళ్ళకి అది రాదు.

తలుపు వేసుకున్నవాళ్ళు

అసలు కలవడానికి మనకి హక్కుందా? లేదు. టికెట్ కొన్నది పాటకే. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు కాబట్టి సాగదీయను. అయితే తలుపు వేసుకున్నవాళ్ళని మనం ఎలా చూస్తామన్నది చెప్పుకోవాలి.

పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ 1964 ఏప్రిల్ 10న లాస్ ఏంజలెస్‌లో ఆఖరి కచేరీ చేశాడు. అప్పటికాయనకి ముప్పై ఒక్కేళ్ళు. ఆ తర్వాత స్టూడియో తప్ప వేదిక లేదు. చేతులు కలపడమంటే ఆయనకి హడలు. 1959 చివర్లో ఒక పియానో కంపెనీ ఉద్యోగి పలకరింపుగా భుజం తట్టినందుకు గాయమైందని మూడు లక్షల డాలర్లకి దావా వేశాడు. చివరికి చాలా తక్కువకి రాజీపడ్డాడు. ఈ కథ చెప్పి అందరం నవ్వుతాం. నేనూ నవ్వేవాణ్ణి. ఆవిడ వేళ్ళ కొసలు చూశాక, అభిమానంతో చేతులు పిసికేవాళ్ళని చూశాక, అంత నవ్వు రావడం లేదు. ఆ చేతుల మీదే వాళ్ళ బతుకు.

అన్నపూర్ణాదేవి సుర్‌బహార్ వాద్యాన్ని 1950ల తర్వాత సభలో విన్నవాళ్ళు లేరు. 2018లో పోయేదాకా తలుపు వేసుకునే ఉన్నారు. మరి ఆవిడ సంగీతం మనకి చేరలేదా? హరిప్రసాద్ చౌరాసియా వేణువులోంచి, నిఖిల్ బెనర్జీ సితార్‌లోంచి చేరింది. శిష్యులకి తెరుచుకున్న తలుపు మనకి తెరుచుకోలేదని గింజుకోవడంలో అర్థం లేదు. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ 2008లో, అక్టోబరు 20 తర్వాత వచ్చే అభిమానుల ఉత్తరాలు తెరవను, సంతకాలు పెట్టను, పని చాలా ఉంది అని వీడియోలో చెప్పేశాడు. పొగరన్నారు జనం. ఆయన జట్టువాడే జాన్ లెనన్ 1980 డిసెంబరు 8 మధ్యాహ్నం ఒక అభిమానికి రికార్డు మీద సంతకం పెట్టిచ్చాడు. ఆ రాత్రి లెనన్‌ని కాల్చి చంపింది ఆ మనిషే. ఇది తెలిసీ అపరిచితుడి ముందు నిలబడి నవ్వే ప్రతి కళాకారుడిదీ నా లెక్కలో సాహసమే.

డబ్బు కట్టి కలిసే ఏర్పాట్ల మీద అందరూ విరుచుకుపడతారు. నాకు అంత కోపం లేదు. అక్కడ ఏం అమ్ముతున్నారో, ఏం కొంటున్నారో ఇద్దరికీ తెలుసు. ఊరికే కలిసే చోటే, ఏమీ కట్టనివాడు ఎక్కువ ఆశిస్తాడు.

ఎవరూ రాకపోతే

నా వాదనకి గట్టి దెబ్బ ఎక్కణ్ణుంచి తగిలిందంటే, నాకు తెలిసిన ఒక వేణువు కళాకారుడి నుంచి. "వాళ్ళు ఇవ్వాల్సింది ఇచ్చేశారు, మనం అడక్కూడదు" అన్న నా సిద్ధాంతాన్ని ఆయన దగ్గర కాస్త గొప్పగానే వల్లించాను. ఆయన తాపీగా విన్నాడు.

"వేదిక మీద దీపాలు కళ్ళలో కొడతాయి. కింద ఎవరున్నారో కనపడరు. చప్పట్లు అందరివీ కలిసి ఒకటే మోత. అందులో ఎవరు విన్నారో ఎవరు వినలేదో మాకెలా తెలుస్తుంది? దిగివచ్చి గదిలో కూర్చున్నాక ఒక్కరూ తొంగిచూడని రోజులున్నాయి. ఆ రోజు నేను వాయించానా లేదా అని నాకే అనుమానం."

"మరి సొల్లు చెప్పేవాళ్ళు వస్తే?"

"సొల్లే చెప్పనీ. వచ్చారుగా."

ఇంక నేనేమంటాను? వాళ్ళు నిండుకుండలు, మనమే బిచ్చగాళ్ళం అనుకుని కట్టుకున్న మేడ ఇది. వాళ్ళకీ ఆ గదిలో మన నుంచి కావలసింది ఉంది. అలా చూస్తే ఆ రోజు వరసలో ఒక పెద్దాయన నిలబడి, చేతులు జోడించి, "చాలా బాగుందమ్మా" అని నాలుగు సెకన్లలో వెళ్ళిపోయాడే, ఆయన్ని నేను తక్కువ అంచనా వేశాను. వట్టి బాగుందా, ఏం బాగుందో చెప్పొద్దూ అనుకున్నాను లోపల. నేనేమో కల్యాణి, పైషడ్జం, వెంట్రుకవాసి అని పరీక్ష రాసినట్టు రాసిచ్చాను. ఎంత బాగా విన్నానో చూడండి అన్న గీర అందులో లేదంటే అబద్ధమే. ఆత్మకథ చెప్పడం మానేశాననుకున్నాను కానీ, పొట్టి ఆత్మకథ చెప్పడం నేర్చుకున్నానంతే.

అయినా పెద్దాయన పద్ధతికి పూర్తిగా మారలేను. "బాగుంది" అన్నది ఎవరికైనా చెప్పొచ్చు. పైషడ్జం సంగతి ఆ ఒక్కరికే, ఆ ఒక్కరోజే చెప్పగలం.

మూల కూర్చున్నాయన

ఇక ఆ తప్పు సంగతి. నేను మెచ్చుకున్నది పొరపాటని తెలిశాక నాకు సిగ్గు వేసిందా? వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదా అని ఆలోచిస్తే జాజ్ పియానో కళాకారుడు హెర్బీ హాన్‌కాక్ చెప్పే కథ గుర్తొచ్చింది. 1960లలో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ సోలో మంచి ఊపు మీద ఉండగా, పియానో మీద తను పూర్తిగా తప్పు కార్డ్ (ఒకేసారి మోగించే స్వరాల గుత్తి) కొట్టాట్ట. రెండు చేతులతో చెవులు మూసుకున్నంత పనైంది. మైల్స్ ఒక్క క్షణం ఆగి, ఆ తప్పుని ఒప్పు చేసే స్వరాలు వాయించాడు. మైల్స్ దాన్ని తప్పుగా వినలేదు, జరిగిన ఒక సంగతిగా విన్నాడు అంటాడు హాన్‌కాక్. ఆ రాత్రి ఒక శ్రోత వచ్చి హాన్‌కాక్ చెయ్యి పట్టుకుని "ఆ కార్డ్ అద్భుతం" అని ఉంటే ఏమయ్యేది? ఆ శ్రోత కూడా నిజమే చెప్పినట్టు. నాకు వినపడింది బిరడా జారడం కాదు, ఒక మనిషి అప్పటికప్పుడు షడ్జాన్ని వెతుక్కోవడం. అది ఆవిడ చేసిందే.

కానీ ఇది నా లెక్క. ఆవిడ లెక్క వేరు. ముందు దాటవేసిన రెండు ముక్కలు ఇవి.

నవ్వడం అయ్యాక ఆవిడ "ఎక్కడ కూర్చున్నారండీ?" అని అడిగారు.

"ఏడో వరసలో."

"అయితే ఏడో వరసదాకా వినపడిందన్నమాట."

నవ్వుతూనే అన్నారు. కనుబొమల మధ్య మాత్రం ఓ సన్న గీత పడింది. కానుక ఇద్దామని వెళ్ళి, ఆ రాత్రికి ఆవిడకో నలుసు కంట్లో వేసి వచ్చానా? మిగతా వరసల వాళ్ళు కూడా విన్నారా అని ఇంటికెళ్ళాక తలుచుకుని ఉంటారా? "చాలా బాగుందమ్మా" అన్న పెద్దాయన ఇలాంటి పని చెయ్యలేదు.

అప్పుడు మూలనుంచి ఒక గొంతు. "వినపడకూడదనే కదా నేను ఎడమచేత్తో ఒక్కటిచ్చింది."

మృదంగం ఆయన. అంతసేపటినుంచీ అక్కడే నేల మీద కూర్చుని మృదంగానికి గుడ్డ తొడుగుతున్నారు. వరసలో నిలబడ్డ పదిహేనుమందిలో ఒక్కరం కూడా అటు తిరగలేదు. ఆయన అన్నాక నా చెవిలో ఆ చోటు మళ్ళీ మోగింది. నిజమే. షడ్జం కిందనుంచి జారుతున్నప్పుడు దాని అడుగున లోతుగా ఒక నాదం ఉంది, బావిలో బిందె పడ్డట్టు. కళ్ళు చెమర్చింది ఆ రెండూ కలిసిన చోట. అందులో సగం ఈయనది. ఇరవై ఏళ్ళ శ్రోతనని మురిసిపోతూ సగమే విని వచ్చాను.

"అది మీరు కావాలనే..." అన్నాను.

"మరి?" అన్నారాయన, తొడుగు తాడు ముడి వేస్తూ. "వేలు పెట్టీ పెట్టగానే చూశాను. తనిలో నేను వాయిస్తుంటే ఈవిడ బిరడా తిప్పుకుంటూనే ఉంది."

తనిలో, అంటే మృదంగం ఒక్కటే మోగే ఘట్టంలో, ఆవిడ వయొలిన్ చెవి దగ్గర పెట్టుకోవడం నేనూ చూశాను. శ్రుతి సరిచూసుకోవడం మామూలే కదా అనుకున్నాను.

ఆవిడ పెట్టెలో ఉన్న వయొలిన్ పైతీగని వేలితో ఒక్కసారి మీటారు. తంబురా ఆగిపోయి చాలాసేపైంది, అయినా ముగ్గురికీ తెలుస్తోంది, ఆ తీగ పలకాల్సిన పంచమం ('ప') ఉన్నచోటే ఉంది.

"ఇప్పుడు కదలదు చూడు" అన్నారాయన.

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను పక్కకి జరిగాను. వెనకాల తల్లి పిల్లని ముందుకి తోసింది.